ఏసీ కట్టేసిన విమానం

తలుపు తీసి అరగంట దాటినా విమానం లోపల వేడి తగ్గలేదు. పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఇంకా కాలుతూనే ఉంది.

పందొమ్మిది సీట్లు. అందరూ దిగిపోయారు. మూడో వరసలో కిటికీ పక్కన ఒక్క పెద్దాయన మాత్రం దిగలేదు.

తల కిటికీకి ఆనించి ఉంది. ముక్కుకి సన్నటి ప్లాస్టిక్ గొట్టం. దాని రెండో కొస కాళ్ల దగ్గర నిలబెట్టిన చిన్న ఆక్సిజన్ సిలిండర్‌కి తగిలించి ఉంది. సీట్ బెల్ట్ పద్ధతిగా పెట్టుకునే ఉన్నాడు.

ప్రాణం లేదు.

ఇన్‌స్పెక్టర్ వంగి సిలిండర్ మీటర్ చూశాడు. ముల్లు సున్నా మీద ఉంది.

"ఖాళీ," అన్నాడు వెనక నుంచి రైటర్. స్టేషన్‌లో స్టేట్‌మెంట్లన్నీ రాసేది ఆయనే. చేతివేళ్లకు ఎప్పుడూ ఇంకు ఉంటుంది. "ఆక్సిజన్ అయిపోయింది సార్. పాపం."

గబుక్కున ఏదీ అనే అలవాటు ఇన్‌స్పెక్టర్‌కి లేదు. స్టేషన్‌లో వెనకాల అందరూ అతణ్ని నత్త అంటారు. నడక నెమ్మది, మాట నెమ్మది, కేసు మరీ నెమ్మది. ఆ పేరు అతని చెవిన ఎప్పుడో పడింది. నత్త వెనక్కి మాత్రం నడవదులే అని సర్దుకున్నాడు.

బయట అరుపులు వినబడ్డాయి.

రెక్క నీడలో ఒక నడివయసు మనిషి పనిముట్ల పెట్టె మీద కూలబడి ఉన్నాడు. అతని కాలర్ పట్టుకుని ఇంకో మనిషి ఊపేస్తున్నాడు. ఊపుతున్నది పెద్దాయన కొడుకు. ఊగుతున్నది ఏసీ బాగుచేసిన ఇంజనీర్.

"గంటసేపు ఆ కొలిమిలో కూర్చోబెట్టావు! ఆ గంటలోనే మా నాన్న ఆక్సిజన్ అయిపోయింది! నువ్వే చంపావురా!"

ఇద్దరు కానిస్టేబుళ్లు కొడుకుని పక్కకి లాగారు. ఇంజనీర్ కాలర్ సర్దుకోలేదు. తలెత్తి ఇన్‌స్పెక్టర్ వంక చూశాడు.

"ఆయన చెప్పింది నిజం సార్. నేనే చంపాను. తీసుకెళ్లండి."

నత్త సర్వీసులో ఇంత తేలిగ్గా ఒప్పుకున్న ముద్దాయి లేడు. అందుకే అతనికి అనుమానం వచ్చింది.

*

డాక్టర్ రిపోర్ట్ ఆ సాయంత్రమే వచ్చింది. వడదెబ్బ కాదు. గుండెపోటు కాదు. పెద్దాయన ఊపిరితిత్తులు ఏనాడో పాడైపోయాయి, సిలిండర్ మీదే బతుకుతున్నాడు. ఆ సిలిండర్ నుంచి ఆక్సిజన్ అందక చనిపోయాడు.

కేసు పత్రికలకెక్కింది. ఇంజనీర్ లాకప్‌కెక్కాడు. మర్నాడు రాత్రిలోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. నిర్లక్ష్యం వల్ల మరణం. లైసెన్స్ ఎలాగూ పోతుంది, పైన జైలు.

మర్నాడు ఉదయం నత్త లాకప్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నాకు ఏసీ గురించి తెలీదు. ఇంట్లో రిమోట్ కూడా మా ఆవిడ చేతిలోనే ఉంటుంది. అర్థమయ్యేలా చెప్పండి."

ఇంజనీర్ నవ్వలేదు. "విమానంలో ఏసీ ఇంట్లో ఏసీ లాంటిది కాదు సార్. ఇంజిన్ నుంచి వేడిగాలి వస్తుంది. ఒక చిన్న టర్బైన్ దాన్ని చల్లబరిచి లోపలికి పంపుతుంది."

"నిన్న?"

"జనం ఎక్కి కూర్చున్నాక చల్లగాలి రావడం లేదన్నారు. చూస్తే, వేడి మించితే ఏసీని ఆపేసే ఓవర్‌హీట్ స్విచ్ పడిపోయి ఉంది. రీసెట్ చేశాను. చల్లగాలి వచ్చింది. సంతకం పెట్టి పంపించాను."

"అందులో తప్పేముంది?"

"స్విచ్ ఎందుకు పడిందో చూడలేదు. ప్యానెల్ విప్పి టర్బైన్‌ని చేత్తో తిప్పి చూడాలి. తిప్పితే బేరింగ్ పట్టేస్తోందని అక్కడే తెలిసేది."

"ఎందుకు తిప్పలేదు?"

ఇంజనీర్ ఊచల వంక చూశాడు. "లోపల అందరూ సీటు జేబుల్లోని కార్డులతో విసురుకుంటున్నారు. పెద్దాయన ఆయాసపడుతున్నాడు. ఆ కొడుకు తలుపు దగ్గరికొచ్చి, త్వరగా కానివ్వండి, మా నాన్న ఉడికిపోతున్నాడు అని అరిచాడు. తొందరపడ్డాను. అంతే సార్. నా చేతులారా జరిగింది."

"ఎవరైనా కలవాలా?"

"మా ఆవిడ బయట నిలబడిందట. వెళ్లిపొమ్మని చెప్పండి. నా మొహం చూపించలేను."

తరవాత కెప్టెన్ వచ్చాడు. తల నెరిసినవాడు. యూనిఫాం ఇస్త్రీ చెడలేదు గాని మొహం నలిగిపోయి ఉంది.

"లేచిన కాసేపటికి గాలి వేడెక్కింది. ఆ వెంటనే కాలిన నూనె వాసన. ఏసీ కట్టేశాం. బయటి గాలి లోపలికొచ్చే వెంట్ తెరిచాం. ఏసీ కట్టేస్తే పై ఎత్తులో ఉండకూడదు, లోపల గాలి పల్చబడిపోతుంది. అందుకని కిందికి దించుతూ వెనక్కి తిప్పాను."

"అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశారన్నమాట."

"అక్షరం తప్పకుండా. ఎండవేళ కింది గాలిలో విమానం గంతులేస్తుంది. అందుకని క్యాబిన్‌లో వదులుగా ఉన్నవన్నీ కట్టించమని అటెండెంట్‌కి చెప్పాను."

"మరి మీ మొహం ఇలా ఉందేం?"

కెప్టెన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఊపిరాడని మనిషి నా విమానంలో ఉన్నాడని తెలిసి కూడా, అప్పటికప్పుడు రీసెట్ చేసిన ఏసీతో లేచాను. లేవను అనే అధికారం నా ఒక్కడికే ఉంది. ఆ ఒక్క మాట అనలేదు. ఇంజనీర్ని వదిలి నన్ను పట్టుకోండి."

అటెండెంట్ పాతికేళ్ల పిల్ల. కుర్చీలో కూర్చోకముందే ఏడుపు మొదలుపెట్టింది. సిలిండర్‌ని విమానం లేవకముందే బెల్ట్‌తో సీటుకి కట్టాలి. అది రూలు. ఆ వేడిలో మర్చిపోయి, బెల్ట్ ప్యాకెట్ పెద్దాయన పక్కనే కూర్చున్న ఆయన భార్య, ఆ పెద్దావిడ చేతిలో పెట్టి ముందుకెళ్లిపోయింది. మళ్లీ గుర్తొచ్చింది విమానం కిందికి దిగేటప్పుడే. తన తప్పే అంది.

కొడుకు కూడా వచ్చాడు. నిన్నటి కోపం సగం దిగిపోయింది. మిగతా సగం కళ్లల్లో నీళ్లయింది.

"పొద్దున సిలిండర్ ముల్లు ఎక్కడుందో చూశారా?"

"చూడలేదు సార్. ముందురోజే మార్చాం. సరిపోతుందిలే అనుకున్నాను."

"విమానం ఎవరి ఆలోచన?"

"నాదే. పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్దామని. అమ్మ రైలు అంది. ఒక్క పూటలో చేరిపోతాం అని నేనే..." కళ్లు తుడుచుకున్నాడు. "సీట్లు కూడా కలిసి దొరకలేదు. నేను చివరి వరసలో కూర్చున్నాను. పక్కనుంటే చూసుకునేవాణ్ని కదా."

మధ్యాహ్నానికి నత్త తల పట్టుకున్నాడు. ఇన్నేళ్లూ నేరం ఒప్పించలేక చచ్చాడు. ఇప్పుడు నేను, నేను అంటూ క్యూ కట్టారు. బస్సులో సీటు కోసం కూడా జనం ఇంత పోటీపడరు.

ఒక్క పెద్దావిడే పోటీలోకి రాలేదు.

ఆవిడ స్టేట్‌మెంట్ సంఘటన జరిగిన రోజే రైటర్ రాసుకున్నాడు. నత్త చివర్లో వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఏడ్చింది గాని ఎవర్నీ ఒక్క మాట అనలేదు.

"అందరూ బాగానే చూశారు నాయనా. ఆ అమ్మాయి పాపం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. మావాడికి కోపం ఎక్కువ, మనసులో ఏం ఉండదు. ఆ ఇంజనీర్ బాబుని వదిలెయ్యండి."

"మీరు పక్కనే ఉన్నారు కదమ్మా. ఆయన బాధపడ్డారా?"

"నా చెయ్యి పట్టుకునే పోయారు. గట్టిగా పట్టుకున్నారు. నిద్రపోయారనుకున్నాను." ఆవిడ ఆ చేతిని రెండో చేత్తో నిమురుకుంది. "అదొక్కటే నాకు తృప్తి. చివర్లో నా చెయ్యే పట్టుకున్నారు."

*

మధ్యాహ్నం నత్త రైటర్‌ని వెంటబెట్టుకుని మళ్లీ విమానం ఎక్కాడు. దాన్ని హ్యాంగర్‌లో పెట్టారు. లోపల కాలిన వాసన ఇంకా పోలేదు.

మూడో వరస. పెద్దాయన సీటు. పక్కన పెద్దావిడ సీటు. ముందు సీటు వెనకున్న జేబులో చెయ్యి పెట్టాడు. ఒక కార్డు. ఒక వాంతి సంచి. చివర్న ఒక ప్లాస్టిక్ ప్యాకెట్.

ప్యాకెట్‌లో నారింజరంగు బెల్ట్ మడతపెట్టి ఉంది. మూతి మీద అంటించిన స్టిక్కర్ చెక్కుచెదరలేదు.

నత్త అక్కడే కూర్చుండిపోయాడు.

"రైటర్ గారూ, సిలిండర్‌ని దేంతో కట్టారు?"

"బెల్ట్‌తోనే సార్. స్టేట్‌మెంట్‌లో ఉందిగా." రైటర్ ఫైలు తీసి గొంతు సవరించుకున్నాడు. "'సదరు సిలిండరును ఆసనమునకు బిగింపవలసినదిగా నేను కోరగా, బిగించితినని ఆమె బదులిచ్చినది.' పెద్దావిడ స్టేట్‌మెంట్‌లోనూ అదే. 'అటెండెంటు కోరిన మీదట బిగించితిని.' రెండూ కలిశాయి. అచ్చుగుద్దినట్టు."

"ఆ అమ్మాయి అలాగే అందా? బిగింపవలసినదిగా కోరితిని అని?"

"అలా ఎవరంటారు సార్? భాష నాది. భావం వాళ్లది."

నత్త ప్యాకెట్ పైకెత్తి చూపించాడు. "బిగిస్తే ఇది ఇంకా సీలుతో ఎందుకుంది?"

రైటర్ నోరు తెరిచి, మూసి, కళ్లజోడు తుడుచుకున్నాడు. "అంటే... ఎవరో అబద్ధం చెప్పారు."

"లేకపోతే మీరు రాసిన మాట వాళ్లు అన్న మాట కాదు. నాకు భావం వద్దు. అన్న మాట అన్నట్టే కావాలి."

అక్కడి నుంచే అటెండెంట్‌కి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు.

"కెప్టెన్ చెప్పాక నువ్వు అందరికీ ఏం చెప్పావమ్మా? ఒక్క మాట కూడా మార్చకు."

"కంగారుపడకండి, ఏసీ పాడైంది, ఏసీ కట్టేశాం, ఆ వాసన అదే, వెనక్కి వెళ్లి దిగుతున్నాం అని చెప్పాను సార్."

"పెద్దావిడతో?"

"అమ్మా, సిలిండర్ కూడా కట్టేసెయ్యండి అన్నాను. రెండు వరసల ముందు నుంచి అరిచాను సార్, విమానం ఊగిపోతోంది."

"ఆవిడేమంది?"

"ఇప్పుడే కట్టెయ్యాలా అంది. అవునమ్మా, వెంటనే, దిగాక తియ్యొచ్చు అన్నాను. కాసేపాగి కట్టేశారా అని అడిగాను. కట్టేశానమ్మా అంది. నేను నా సీట్లో కూర్చుని బెల్ట్ పెట్టుకున్నాను. వెళ్లి చూడాల్సింది సార్..."

నత్త ఫోన్ పెట్టేశాడు.

"ఈ పిల్ల అబద్ధం చెప్పట్లేదు," అన్నాడు.

"పెద్దావిడ మాత్రం ఎందుకు చెప్తుంది సార్?"

"అదే నాకూ తెలియట్లేదు. పదండి, సిలిండర్ చూద్దాం."

స్టేషన్‌లో ఆధారాలు పెట్టే గది చిన్నది. అటకమీద సామానులా అన్నీ ఒకదానిమీదొకటి. సిలిండర్ మూల నిలబెట్టి ఉంది. మెడకి చీటీ. చీటీ మీద రైటర్ గుండ్రటి అక్షరాలు: ఖాళీ ఆక్సిజన్ సిలిండర్, ఒకటి.

"ఖాళీ అని ఎవరు తేల్చారు?"

"ముల్లే తేల్చింది సార్. సున్నా చూపిస్తోందిగా."

సిలిండర్ తలమీద వాల్వ్. దాన్ని తిప్పే తాళంచెవి పక్కనే గొలుసుకి వేలాడుతోంది. నత్త తాళంచెవి తగిలించి, నెమ్మదిగా, తన పద్ధతిలో, ఎడమకి తిప్పాడు.

బుస్సుమంది.

ముల్లు ఒక్క గెంతు గెంతి సగం దాటి నిలబడింది.

రైటర్ గోడకి జారబడ్డాడు. "సార్! ఇందులో ఆక్సిజన్ ఉంది!"

"ఉంది. వాల్వ్ మూసేస్తే గొట్టంలో ఉన్న కాస్తా ఖాళీ అయిపోయి ముల్లు సున్నాకి పడిపోతుంది. మనం సున్నా చూశాం. తిప్పి చూడలేదు." నత్త వాల్వ్ మూసేశాడు. "ఆ ఇంజనీర్ టర్బైన్‌ని చేత్తో తిప్పి చూడలేదని లోపల వేశాం. మనం చేసిందేమిటి?"

రైటర్ చీటీ వంక చూసి తలదించుకున్నాడు. తన చేతి అక్షరాలు అంత అసహ్యంగా ఆయనకి ఎప్పుడూ కనబడలేదు.

"అంటే సార్... ఎవరో కావాలని... పక్కనున్నది పెద్దావిడ ఒక్కతే..."

"గట్టిగా అనకండి," అన్నాడు నత్త.

*

సాయంత్రం నాలుగింటికి అందర్నీ స్టేషన్‌కి రమ్మన్నాడు. పెద్దావిడని తీసుకురావడానికి మాత్రం తనే వెళ్లాడు.

చిన్న ఇల్లు. ముందు గదిలో పెద్దాయన కుర్చీ. కుర్చీ పక్కన పెద్ద ఆక్సిజన్ సిలిండర్, ఇంటి దగ్గర వాడేది. దానికి ఒక తువ్వాలు కప్పి ఉంచింది ఆవిడ.

"పద నాయనా," అంటూ చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటబోయి ఆగింది. "ఉండు. సిలిండర్ కట్టేశానో లేదో."

వంటింట్లో గ్యాస్ బండ దగ్గరికి వెళ్లింది. చిన్నగా కిర్రుమన్న చప్పుడు. తిరిగొచ్చింది.

"కట్టేశాను. ఎప్పుడో కట్టేశాను, అయినా చూసుకోకపోతే ఊపిరాడదు. ఆయన చేసిన అలవాటే ఇది. ఊరెళ్తున్నా అడిగేవారు, పడుకోబోతూ అడిగేవారు. సిలిండర్ కట్టేశావా, సిలిండర్ కట్టేశావా అని. మాట రాని రోజున చెయ్యి పట్టుకుని వంటింటి వైపు చూపించేవారు. నలభై ఏళ్ల కాపురంలో ఒక్కనాడు మర్చిపోలేదు నాయనా నేను."

నత్త బూటు తాడు కట్టుకుంటున్నవాడల్లా అలాగే వంగి ఉండిపోయాడు.

"ఏమైంది? నడుం పట్టేసిందా?"

"ఏం లేదమ్మా."

జీపులో ఆవిడ పక్కనే కూర్చుంది. అతని పిల్లల గురించి అడిగింది. వేళకి తింటున్నావా అంది. నత్త ముక్తసరిగా జవాబులిచ్చాడు. దారిలో రెండు మూడు చోట్ల బండి వెనక్కి తిప్పెయ్యమని డ్రైవర్‌కి చెప్పాలనిపించింది. తిప్పితే ఆవిడకి ఆ తృప్తి మిగులుతుంది. రాత్రికి ఇంజనీర్ మేజిస్ట్రేట్ ముందు నిలబడతాడు.

ఒకర్ని విడిపించాలంటే ఇంకొకర్ని పట్టుకోవాలి. సర్వీసంతా అతను చేసిన పనే అది. ఈసారి చేతులు రాలేదు. బండి తిప్పమనీ అనలేదు.

*

ఇన్‌స్పెక్టర్ గదిలో అయిదు కుర్చీలు వేశారు. కెప్టెన్. అటెండెంట్. కొడుకు. లాకప్ నుంచి తెచ్చిన ఇంజనీర్. తలుపు దగ్గర పెద్దావిడ. బల్ల మీద సిలిండర్. పక్కన సీలు విప్పని బెల్ట్ ప్యాకెట్. మూల స్టూలు మీద రైటర్.

"మీరు పక్క గదిలో కూర్చోండమ్మా," అన్నాడు నత్త. "మీతో నేను తరవాత విడిగా మాట్లాడతాను."

"ఎందుకు నాయనా? ఆయన గురించేగా. వింటాను."

ఇంకోసారి చెప్పి చూశాడు. ఆవిడ కదల్లేదు. కొడుకు, "ఉండనివ్వండి సార్, అమ్మకీ తెలియాలి," అన్నాడు. నత్త లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఉండాల్సింది. ఆ సంగతి తరవాత చాలా రోజులు అనుకున్నాడు. అప్పుడు మాత్రం సిలిండర్ దగ్గరికి నడిచాడు.

"మీరందరూ ఎవరికి వాళ్లు, నేనే చంపాను అన్నారు. ఇంజనీర్ గారు తిప్పి చూడలేదన్నారు. కెప్టెన్ గారు లేవకుండా ఉండాల్సిందన్నారు. ఈ అమ్మాయి ముందే కట్టలేదంది. పెద్దాయన అబ్బాయి ముల్లు చూడలేదన్నాడు. మీ అందరి లెక్కా ఒక్క విషయం మీద నిలబడింది. విమానం ఆలస్యమైంది, సిలిండర్ ఖాళీ అయిపోయింది అని."

"అయిపోయింది కదా సార్?" అన్నాడు ఇంజనీర్.

నత్త తాళంచెవి తిప్పాడు.

బుస్సుమన్న చప్పుడు గదంతా నిండింది. ముల్లు సగం దాటి లేచింది. నత్త మళ్లీ మూసేశాడు.

"సిలిండర్ అయిపోలేదు. ఏసీ చెడిపోవడం వల్ల ఆక్సిజన్ అయిపోలేదు. ఆలస్యం వల్ల అయిపోలేదు. ఇంజనీర్ గారూ, మీరు చేసిన తప్పు తప్పే. దానికి మీ ఆఫీసు ఏం చేస్తుందో చేస్తుంది. కానీ పెద్దాయన దానివల్ల చనిపోలేదు."

కొడుకు కుర్చీ తన్నుకుని లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. అతను ఇంజనీర్ వంక చూశాడు, కెప్టెన్ వంక చూశాడు, అటెండెంట్ వంక చూశాడు.

"అంటే... ఎవరో కట్టేశారా? మా నాన్న సిలిండర్ ఎవరు కట్టేశారు?"

"కూర్చోండి," అన్నాడు నత్త గబుక్కున. గబుక్కున మాట్లాడటం అతనికి చేతకాదు. ఆలస్యమైపోయింది.

"ఎవరేంట్రా, నేనే," అంది పెద్దావిడ. "ఎందుకలా అరుస్తావు? ఈ అమ్మాయి కట్టెయ్యమంది, కట్టేశాను."

చెబుతూ చెబుతూ ఆవిడ కుడిచెయ్యి దానంతటదే లేచింది. గాలిలో మణికట్టు కుడివైపుకి తిరిగింది. రోజూ వంటింట్లో తిప్పినట్టే.

అటెండెంట్ ఒక్క కేక పెట్టి నోరు నొక్కుకుంది.

"బెల్ట్‌తోనమ్మా... బెల్ట్‌తో సీటుకి కట్టెయ్యమన్నాను నేను..."

ఆవిడకి వెంటనే తెలియలేదు. బల్ల మీద నారింజరంగు బెల్ట్ చూసింది. సిలిండర్ చూసింది. తన చెయ్యి చూసుకుంది.

"కాలిన వాసన వచ్చింది కదా," అంది నెమ్మదిగా. "ఏసీ కట్టేశాం అన్నావు. సిలిండర్ కూడా కట్టేసెయ్యమన్నావు. మంటలొస్తాయనే కదా... దిగాక తియ్యొచ్చు అన్నావు. బాత్రూంకెళ్లినప్పుడు కాసేపు తీసేసేవాళ్లం, ఏం అయ్యేది కాదు. కాసేపేగా అని..."

రైటర్ తన ఫైలు వంక చూస్తున్నాడు. బిగించితిని అని రాసుంది. ఆ అమ్మాయి కట్టేయమంది, ఈవిడ కట్టేశానంది. మాట మాటగా రాసుంటే మొదటి రోజే ఎవరో ఒకరికి తట్టేది. గొప్ప భాష కోసం ఆ మాటని ఆయనే తుడిచేశాడు. ఆయన కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇద్దరూ నిజమే చెప్పారు," అన్నాడు నత్త. అతని గొంతు అతనికే వినబడనంత చిన్నగా ఉంది. "తాడుతో కట్టినా కట్టేయడమే. వాల్వ్ తిప్పినా కట్టేయడమే. ఏ ఇంట్లోనైనా సిలిండర్ కట్టేశావా అంటే అర్థం ఒక్కటే. ఇందులో నేరం లేదమ్మా. మీరు..."

ఆవిడ వినడం లేదు.

"ఆయన నా చెయ్యి పట్టుకున్నారు," అంది.

ఆవిడ తన కుడిచెయ్యి వంకే చూస్తోంది.

"పట్టుకుని సిలిండర్ వైపు చూపించారు. మాట రాలేదు. రోజూ చూపించేదే కదా. అడుగుతున్నారనుకున్నాను. కట్టేశానులెండి, అన్నాను. మళ్లీ చూపించారు. కట్టేశానులెండి, మీకు అన్నిటికీ అనుమానమే, అని కసిరాను."

కొడుకు వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, నేను తొందరపెట్టాను అమ్మా. త్వరగా కానివ్వమని ఆయన మీద అరిచింది నేనే. రైలు వద్దన్నది నేనే." ఆవిడ కొడుకు తల మీద ఎడమచెయ్యి వేసింది. కుడిచెయ్యి వెయ్యలేదు. దాన్ని పమిటలో చుట్టేసుకుంది.

రైటర్ కలం మళ్లీ బయటికి తీసి అడిగాడు. "సార్, ఏమని రాయమంటారు?"

"ఆవిడ అన్న మాట అన్నట్టే రాయండి."

రైటర్ కాగితం మీద 'కట్టేశాను' అని రాశాడు. ఇంకేం రాయలేకపోయాడు.

నత్త ఇంజనీర్ వైపు తిరిగాడు. "మీరు వెళ్లొచ్చు. మీ ఆవిడ బయట ఇంకా నిలబడే ఉంది."

ఇంజనీర్ లేచాడు గాని తలుపు దాటలేదు.

"నన్నేం చేస్తారు నాయనా?" అని అడిగింది పెద్దావిడ.

"ఏమీ చెయ్యమమ్మా. ఇంటికి వెళ్లండి. అబ్బాయి తీసుకెళ్తాడు."

"ఏమీ చెయ్యరా?"

"తెలిసి చేసింది కాదు కదమ్మా."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. జీపులో పిల్లల గురించి అడిగినప్పుడు చూసినట్టే, ఆప్యాయంగా, బతిమాలుతున్నట్టుగా చూసింది.

"ఏదో ఒకటి చెయ్యి నాయనా," అంది.

తలుపు దగ్గర నిలబడ్డ ఇంజనీర్ వెనక్కి వచ్చాడు. రెండు రోజులుగా అతను అడుగుతున్నదీ ఆ మాటే. కింద పడిన కుర్చీ ఎత్తి, ఆవిడ పక్కన వేసుకుని కూర్చున్నాడు. వెళ్లొచ్చని నత్త ఇంకోసారి చెప్పినా లేవలేదు.